చీమల చాక్‌పీస్

బిట్టు పోయిన రోజు గురువారం. నాకు మొదటి పీరియడ్ ఏడో తరగతికి ఉంది. కుచ్చిళ్లు సర్దుకుంటుండగా వెనక గదిలోంచి ప్రసన్న పిలిచింది. గట్టిగా పిలవలేదు.

“అమ్మా. ఒక్కసారి ఇటు రా.”

ప్లాస్టిక్ డబ్బా మూత తీసి పక్కన పెట్టి ఉంది. నా కూతురు నేల మీద కూర్చుని, రెండు చేతుల్లో బిట్టును పట్టుకుని ఉంది. మూరెడు పొడుగు పాము. ముదురు గోధుమ రంగు ఒంటి మీద పసుపు మచ్చలు. మా ఇంటికి వచ్చిన పదకొండు రోజుల్లో ఎప్పుడు చూసినా బంతిలా చుట్టుకుని, తల మధ్యలో దాచుకుని ఉండేవాడు. ఇప్పుడు ఆమె వేళ్ల మధ్య నుంచి తాడులా వేలాడుతున్నాడు. తల వెనక్కి విరిగినట్టు తిరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

“నిన్నటిసంది ఒకటే తిరుగుతుండె. ఆకలైతుందేమో అనుకున్న.” ప్రసన్న నా వైపు చూడలేదు. “తల గిట్ల ఎందుకు తిప్పిండమ్మా?”

పక్కన వంగి కూర్చున్నాను. పొట్ట కింద వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది.

మా అత్తమ్మ సత్యమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పోయిండా?”

ప్రసన్న బిట్టును ఒళ్లోకి తీసుకుంది.

“పండరి ఇప్పిచ్చిన జీవి,” అంది అత్తమ్మ.

పండరి నా భర్త. ఆయన పోయి నాలుగు నెలలు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా పని చేసేవారు. బాన్సువాడలో ఎవరింట్లో పాము కనిపించినా ముందు ఆయనకే ఫోను. పట్టి, గోనెసంచిలో వేసుకుని, మంజీర నది అవతల వదిలి వచ్చేవారు. ఒక్కటి ఉంచుకుందామని ప్రసన్న చిన్నప్పటి నుంచి అడిగేది. మన పాముల్ని ఇంట్లో పెట్టుకుంటే నేరం బిడ్డా, బయటి దేశం జాతైతే కాగితాలతో పెంచుకోవచ్చు, నీకు పదిహేడు నిండినప్పుడు చూద్దాం అనేవారు. అన్నది మరిచిపోలేదు. బీర్కూర్ దారిలో కోస్తా నుంచి వచ్చినవాళ్లుండే క్యాంపులో ఇలాంటి పాముల్ని పెంచి అమ్మే సాయిబాబుకు చెప్పి ఉంచారు. పుట్టినరోజు నాడు సాయిబాబు డబ్బా పట్టుకుని వచ్చేదాకా ఆ సంగతి మాకు తెలియదు.

అందుకే ఆ పామును ప్రసన్న ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

బడికి ఫోను చేసి సెలవు చెప్పాను. కారణం అడిగితే ఇంట్లో బాగాలేదన్నాను.

ప్రసన్న సాయిబాబుకు ఫోను చేసి స్పీకర్‌లో పెట్టింది.

“అన్నా, బిట్టు సచ్చిపోయిండు.”

అటు నుంచి “అయ్యో” అని వినిపించింది. తర్వాత వరసగా ప్రశ్నలు.

“డబ్బాలో వేడి ఎంతుందమ్మా?”

“ముప్పై ఒకటి. చూస్తనే ఉన్న.”

“రాత్రి కరెంటు పోయిందా?”

“పోలే.”

“తిన్నాడా?”

“ఒక్కసారి గుడ ముట్టలే. ఆదివారం పెట్టిన ఎలుకపిల్ల అట్లనే ఉంటే మంగళారం పొద్దుగాల తీసి పారేసిన.”

“గదిలో ఏమైనా వాడారా? దోమల మందు, బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీస్, అట్లాంటివి. ప్రాణం తీస్తాయమ్మా అవి. కాగితం మీద కూడా రాసిచ్చాను కదా.”

“ఎవ్వరం ఏం వాడలే అన్నా. ఆ గదిలకు అగరుబత్తి గుడ రానియ్యలే. అవ్వనడుగు కావాలంటె.”

“నిజమే అయ్యా,” అంది అత్తమ్మ ఫోను వైపు వంగి. “దేవునికి గుడ పొగ వెట్టనియ్యలే గీ పోరి.”

నేను వంటింటి గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాను.

మంగళవారం సాయంత్రం ప్రసన్న ట్యూషన్‌కు వెళ్లింది. నేను వెనక గదిలో దీపం వేసేసరికి కిటికీ నుంచి డబ్బా దాకా చీమల బారు. ఎలుకపిల్ల వాసనకు వచ్చి ఉంటాయి. కొన్ని మూత మీదికి ఎక్కి గాలి రంధ్రాల చుట్టూ తిరుగుతున్నాయి. కదలలేని చిన్న ప్రాణం, కుడతాయేమో అనిపించింది. సింకు కింద నుంచి చీమల చాక్‌పీస్ తెచ్చాను. డబ్బా చుట్టూ నాలుగు వైపులా గీత గీశాను. మూత మీద రంధ్రాల చుట్టూ కూడా గీశాను. పంతొమ్మిదేళ్లుగా బోర్డు మీద గీతలు గీసిన చెయ్యి. ఒక్క గీత కూడా వంకర పోలేదు. చీమలు ఆగిపోయాయి. ప్రసన్నకు చెప్పాల్సినంత విషయం అనుకోలేదు.

సాయిబాబు రాసిచ్చిన కాగితాన్ని నేను చదవలేదు. కరెంటు బిల్లుల ఫైలులో పెట్టాను.

ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. నేను తడిబట్ట తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. డబ్బా జరిపి నేల తుడిచాను. మూత తుడిచాను. బట్ట పిండి మళ్లీ తుడిచాను. అత్తమ్మ లోపలికి తొంగి చూసింది.

“మంచిగ జేస్తున్నవ్ బిడ్డా. మైల గద.”

నేను తలెత్తలేదు.

*

“ఫ్రిజ్‌ల వెట్టుమన్నడు అన్న,” అంది ప్రసన్న ఫోను పెట్టేసి. “డీప్ ఫ్రీజర్‌ల వద్దంట. కింద వెట్టాల్నంట. డాక్టర్ కోసి చూస్తే ఎందుకు పోయిండో తెలుస్తదంట.”

“కింద అంటె ఏడ?” అంది అత్తమ్మ.

“కూరగాయలు పెట్టే కాడ.”

“నా మెంతికూర పక్కన?”

“అవ్వా.”

“అవ్వ లేదు, గివ్వ లేదు. పాము సచ్చిన ఇంట్ల పొయ్యి ఎలిగియ్యొద్దు. తెల్లబట్ట సుట్టాలె, రాగి పైస వెట్టాలె, రెండు సుక్కల పాలు వోసి పొద్దు గూకక ముందె కాలవెట్టాలె. మా అమ్మగారింట్ల గట్లనే జేసిన్రు.”

“ఇది నాగుంబాము గాదు. ఆఫ్రికాది.”

“ఆఫ్రికాల దేవుడు లేడా?”

ప్రసన్న ముఖంలో ఒక్క క్షణం నవ్వు కదిలింది. అంతలోనే ఏడుపు వచ్చింది. పొద్దున్నుంచి అదే మొదటిసారి ఏడవడం. అత్తమ్మ వెళ్లి పక్కన కూలబడింది.

“డాడీ ఉంటే ఏం జేస్తుండె అవ్వా?”

అత్తమ్మ మనవరాలి జుట్టు సరిచేసింది. చాలాసేపు సరిచేసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, వంటింటి అటక కింది అరలో వెతికి, ఒక స్టీలు డబ్బా తెచ్చింది. మా ఆయన డ్యూటీకి తీసుకుపోయిన టిఫిన్ డబ్బా. ఆయన పోయాక దాన్ని ఎవరూ తీయలేదు.

“గిండ్ల వెట్టు. మూత గట్టిగ పడ్తది. మెంతికూర నేను తీస్త.”

తెల్లబట్ట మాత్రం చుట్టించింది. రాగి పైసా కూడా పెట్టించింది. ప్రసన్న కాదనలేదు.

ఆ తర్వాత ప్రసన్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. పాములు పెంచేవాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నాలుగు వందల పన్నెండు మంది. అందులో పెట్టడానికి మాట రికార్డు చేస్తున్న ఆమె గొంతు నాకు వినిపించింది.

“సాయిబాబు దగ్గర ఎవ్వరు తీసుకోకుండ్రి. పదకొండు రోజులకే సచ్చిపోయింది. ఒక్కసారి గుడ తినలే. జబ్బు పామును అంటగట్టిండు. మా డాడీ లేడని ఎవ్వరు అడగరనుకున్నడు.”

నేను తలుపు బయటే ఉన్నాను. తలుపు తోసి ఆపొచ్చు. తోయలేదు.

*

సాయిబాబు పన్నెండు దాటాక వచ్చాడు. బండి ఆపేసరికే జేబులో ఫోను మోగుతోంది. తీసి, చూసి, మోగకుండా చేసి లోపల పెట్టుకున్నాడు.

వాడు నా దగ్గర పదో తరగతి చదివాడు. సైన్సు రికార్డులో మార్జిను గీయడం నేనే నేర్పాను. వాళ్ల తాత భద్రయ్య కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొనుక్కున్నారు. వాళ్ల పాత కోళ్ల షెడ్డునే వీడు పాముల గదిగా మార్చాడు. ఒక్కో పాముకు ఒక్కో కార్డు. పుట్టిన తేదీ, తిన్న తేదీ, కుబుసం విడిచిన తేదీ. ఆ కార్డులు చూసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఆ మాట వాడికి చెప్పలేదు.

“బాగున్నారా మామ్మగారూ,” అన్నాడు అత్తమ్మతో.

“నీ మామ్మ బాగనే ఉన్నది గని, నువ్వేంది బిడ్డా, మొకం గట్ల గుంజుకపోయింది? తిన్నవా?”

“తిన్నానండి.”

“అబద్ధం. చాయ్ వెడ్త.”

ప్రసన్న హాల్లో గోడకానుకుని నిలబడి ఉంది. చేతులు కట్టుకుంది.

“గ్రూపుల విన్నవా అన్నా?”

“విన్నానమ్మా.”

“తప్పా నేను చెప్పింది?”

“తెలీదు. అందుకే వచ్చాను.” వాడు కుర్చీ చివర కూర్చున్నాడు. “కొంటామన్నవాళ్లలో పొద్దున్నుంచి ఇద్దరు వద్దనేశారు. బోధన్ ఆయన తీసుకున్నది వెనక్కి ఇస్తానంటున్నాడు. అది సరే. నా షెడ్డులో ఇంకా అరవై ఉన్నాయి. బిట్టుది జబ్బే అయితే వాటికీ ఉండి ఉంటుంది. కోసి చూడాల్సిందే టీచర్. నా దగ్గర తప్పుంటే నేను ఒప్పుకుంటాను. ఇక్కడేదైనా జరిగి ఉంటే ప్రసన్న ఆ గ్రూపులోనే మళ్లీ చెప్పాలి.”

“చెప్తా,” అంది ప్రసన్న. “నా తప్పుంటే అందరి ముందట చెప్తా. నువ్వు చెప్తవా?”

“చెప్తాను.”

ఇద్దరూ నా వైపు చూశారు, తరగతిలో తగువు తీర్చమన్నట్టు. నేను తల ఊపాను.

“డబ్బా చూస్తానండి,” అని వాడు లేచాడు.

వెనక గదిలో వాడు పని తెలిసినవాడిలా చూశాడు. వేడి చూపించే గడియారం, నీళ్ల గిన్నె, అడుగున పరిచిన పేపరు. పేపరును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మూత తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లి వెలుగుకు అడ్డంగా పట్టుకున్నాడు.

గాలి రంధ్రాలు మొత్తం ఇరవై నాలుగు. నేను పైనుంచి తుడిచాను. రంధ్రాల లోపలి అంచులు తుడవలేదు.

వాడు చిటికెన వేలి గోరు ఒక రంధ్రంలో పెట్టి తిప్పాడు. బయటికి తీసి చూసుకున్నాడు. బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. గదంతా దుమ్ము ఉంది, డబ్బా చుట్టూ మాత్రం చాప వెడల్పున గచ్చు మెరుస్తోంది.

వాడు నన్ను చూశాడు. ఎక్కువసేపు చూడలేదు.

“ఏమైందన్నా?” అంది ప్రసన్న గుమ్మంలోంచి.

“ఏం లేదమ్మా. బాగానే పెట్టావు డబ్బా.”

హాల్లోకి వచ్చాక వాడు చొక్కా జేబులోంచి ఒక కార్డు తీశాడు. మూలలు నలిగి ఉన్నాయి.

“బిట్టుతో పాటు నీకిచ్చిన కార్డు నకలు. ఇది అసలుది. చివర రెండు వరుసలు చూడు.”

ప్రసన్న చదివింది. “తినలేదు. తినలేదు.” మళ్లీ చదివింది. “ఇవి నాకిచ్చిన దాంట్ల లేవు.”

“లేవు. నేనే ఎక్కించలేదు. వరసగా రెండుసార్లు తిండి వదిలేసిన పిల్లను ఇవ్వకూడదు. ఇంకో నెల నా దగ్గరే ఉండాలి. నీ పుట్టినరోజు దగ్గరికొచ్చేసింది. పండరన్న చివరిసారి షెడ్డుకు వచ్చినప్పుడు కూడా అదే మాట. ఆ రోజుకు అందాలె సాయీ, మర్చిపోకు అన్నారు.” వాడు కుర్చీలో కూర్చున్నాడు. “అందించాలనుకున్నాను. తప్పు నాదేనమ్మా. గ్రూపులో నేనే చెప్తాను. నీకు ఇంకో పిల్లను ఇస్తాను, బాగా తింటున్నదాన్ని.”

“నాకొద్దు.”

“సరే.”

“రేపు నిజామాబాద్ తీస్కపోదమా, కోసి చూడనీకి?”

సాయిబాబు చాయ్ గ్లాసు వైపు చూశాడు.

“ఇంక ఎందుకులేమ్మా. ఒప్పుకున్నాను కదా. మామ్మగారు చెప్పినట్టు కాల్చేద్దాం.”

“ఇప్పుడే గద చూడాల్సిందే అన్నవ్? అరవై ఉన్నయన్నవ్?”

“వాటి సంగతి నేను చూసుకుంటాను.”

“అంటే అసలు జబ్బు ఇంకేదో ఉన్నది. అది బయటపడ్తదని భయమైతుంది నీకు.”

వాడు చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు. ప్రసన్న కార్డును బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తలుపు ఈసారి గట్టిగా పడింది.

వాడి ముఖం చూస్తూ నేను అక్కడే నిలబడ్డాను. అప్పుడు చెప్పాల్సింది. ఒక వాక్యం సరిపోయేది. నోట్లో ఆ వాక్యం తయారుగానే ఉంది. అత్తమ్మ గ్లాసు తీసుకుంటూ “ఇంకింత పొయ్యనా బిడ్డా?” అంది. వాడు చాలన్నాడు.

పెరట్లో కుళాయి చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. సాయిబాబు గొంతుకూర్చుని మూత కడుగుతున్నాడు. ఒక్కో రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పుతున్నాడు. ఇరవై నాలుగూ అయ్యేదాకా లేవలేదు.

“మూత కడిగి ఎండలో పెట్టానండి, టీచర్,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “ఎప్పుడైనా ప్రసన్న మనసు మారితే పనికొస్తుంది.”

బండి దాకా వెంట వెళ్లాను.

“సాయీ.”

“చెప్పండి టీచర్.”

రోడ్డు మీద బీర్కూర్ బస్సు పోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరం ఆగాం.

“హెల్మెట్ పెట్టుకో,” అన్నాను.

“అలాగేనండి.” పెట్టుకున్నాడు. పట్టీ బిగించుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. “మా అమ్మ కూడా ఒకసారి షెడ్డులో చీమల మందు చల్లింది టీచర్. నాలుగు పోయాయి. పాపం, మంచికే చేసింది.”

బండి మలుపు తిరిగాక కూడా నేను గేటు దగ్గరే ఉన్నాను.

*

సాయంత్రం అత్తమ్మ వాకిట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని చేట అందుకున్నాను. నాలుగైదు పాయలు ఒలిచాక ఆమె అంది.

“మంగళారం సందేళ నేను గీ దర్వాజ కాడనే కూసున్న, రోజా.”

నా చేతిలో పాయ అలాగే ఉంది.

“గీత గీస్తుంటె చూసిన. చీమలకు అనుకున్న. దాంతోని పాము సస్తదని నాకేం ఎరుక? పొద్దున గా పిలగాడు ఫోన్ల అడిగినంక నువ్వు బట్ట వట్టుకొని ఉరికితివి. మైల అని నేనే అంటి. అన్నంక తెలిసింది నాకు.”

“ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?”

“నువ్వు చెప్పలేదు గద.” ఆమె పొట్టు ఊదింది. “పిల్లకు తండ్రి పాయె. ఇగ తల్లి మీద గుడ మనసు ఇరిగితె అది ఏడికి పోవాలె? గా పిలగాడు మోస్తనంటుండు. మొయ్యనీ.”

“వాడి బేరాలు పోతున్నాయి. ఆ గ్రూపులో ఎవరూ వాడిని నమ్మరు ఇక.”

“అవును. అదొకటి.”

“ఆయన ఉంటే?”

అత్తమ్మ ఇంకో పాయ ఒలిచి చేటలో వేసింది.

“పండరి అయితె గప్పుడే చెప్పేటోడు. వానికి కడుపుల మాట ఆగకపోవు. నీకు ఆగుతది.” చేట లాక్కుని మిగిలిన పాయలు ఆమే ఒలిచింది. “గందుకే నీ మీద నాకు ఫికర్.”

దీపాలు పెట్టే వేళకు ప్రసన్న బయటికి వచ్చింది. ముఖం కడుక్కుంది. చేతిలో తెల్లకాగితం, పెన్ను, అట్ట ఉన్నాయి. నిజామాబాద్‌లో పశువుల దవాఖానకు ఫోను చేసిందట. పొద్దున పదింటికి తెమ్మన్నారట. ఏడున్నర బస్సుకు బయలుదేరాలంది.

“నువ్వు గుడ రావాలె అమ్మా. ఒక కాగితం రాసి తెమ్మన్నరు. ఎట్ల పెంచినం, ఏం పెట్టినం అని. నువ్వే రాయి. నీ రాత మంచిగుంటది.”

అట్ట నా ఒళ్లో పెట్టి, నా భుజానికి ఆనుకుని కూర్చుంది. నాలుగు నెలల్లో అలా కూర్చోవడం అదే మొదటిసారి. కడుక్కున్న ముఖం తడి నా భుజానికి తగిలింది.

మార్జిను గీశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. జాతి, వయసు. ఇంటికి వచ్చిన తేదీ. డబ్బాలో వేడి. పెట్టిన తిండి, తినని సంగతి.

“ఐదోది, గదిల వాడిన మందులు,” అంది. “ఏం లేవని రాయమ్మా.”

లోపల ఫోను మోగింది. ప్రసన్న లేచి వెళ్లి ఎత్తింది. సాయిబాబు గ్రూపులో ఏదో పెట్టాడని ఎవరో చెబుతున్నట్టున్నారు.

అత్తమ్మ గడప దగ్గర నిలబడి నా చేతిలోని పెన్నును చూస్తోంది. ఫ్రిజ్ చప్పుడు చేసి మళ్లీ సద్దుమణిగింది.

నాలుగు వరుసలు రాశాను. ఐదో వరుస ఇంకా రాయలేదు.